మొదటి నాణెం కొనే ముందు

“పాత దుడ్లంటే నాకు శానా ఇష్టమన్నా. యాడ మొదలుపెట్టాల్నో తెలీదు.” ఆదోని, ఎమ్మిగనూరు వైపు పిల్లలు ఈ మాట అన్నప్పుడల్లా నేను తిరిగి అడిగేది ఒక్కటే. “ఇంట్లో జేజి పెట్టె తెరిచి చూసినావా?” చాలామంది చూసి ఉండరు. ఫోన్లో శాతవాహనుల నాణేలు చూసి ఉంటారు, రోమన్ బంగారు నాణేలు చూసి ఉంటారు, వాటి ధరలు కంఠతా వచ్చి ఉంటాయి. సొంత ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో ఏముందో మాత్రం తెలియదు.

మీ సంగతీ అంతేనా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. చేతిలో ఉన్న ఒక్క నాణేన్ని చదవడం, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసిపెట్టుకోవడం ముందు నేర్చుకోండి. కొనడం తర్వాత. ఈ వరస తప్పినవాళ్లే ఎక్కువగా మోసపోతున్నారు. నేనూ ఒకసారి తప్పాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

భయపడాల్సిన పని లేదు. నాణేల పేర్లు మీ నోట్లో ఎప్పట్నించో ఉన్నాయి. మన వైపు సొమ్మును దుడ్లు అంటాం. దుడ్డు ఒకప్పటి రాగి నాణెం. డబ్బు అన్నా అంతే, అదీ రాగి బిళ్లే. రూక అంటే చిన్న పణం. కాసు అంటే అన్నిటికన్నా చిన్న నాణెం, అదే ఇప్పుడు కాసులపేరై పెళ్లికూతురి మెడలో ఉంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం వేయించిన కొన్ని వెండి, రాగి నాణేల మీద తెలుగు అక్షరాలే ఉన్నాయని మీకు తెలుసా? రెండు వందల ఏళ్ల కిందటి నాణేన్ని ఏ పండితుడి సాయమూ లేకుండా మీరే చదువుకోవచ్చు.

1. ఇంట్లో మొదలుపెట్టండి

ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అందుకే మన ఇళ్లల్లో ఎక్కువగా దొరికేవి విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి బొమ్మలున్న నాణేలు. అయితే మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే అవతలి గట్టు నిజాం రాజ్యం. రాయచూరు సంతకు పోయి వచ్చినవాళ్లున్న ఇళ్లలో చార్మినార్ బొమ్మ నాణేలు కూడా ఉండొచ్చు. చార్మినార్ నడిమి కమాను లోపల ఒక ఉర్దూ అక్షరం కనబడుతుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ కాలం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇల్లు. 1938లో మాచాని సోమప్ప గారి పూనికతో చేనేత సహకార సంఘం ఏర్పడిన రోజుల్లో ఆ ఇంటి పెద్దాయన నేతపని చేశాడు. అప్పుడు కూలి లెక్క అణాల్లో. తర్వాత ఆ ఇంటికి వచ్చిన కోడలు గుడ్డ సంచిలో ఏవో కొన్ని బిళ్లలు దాచుకుంది. ఆమె మనవడు ఆ సంచిని బయటికి తీశాడు. ఇప్పుడు వాడు ఏం చేయాలి?

ముందు కూర్చుని అడగాలి. “జేజీ, ఇవి ఎవురివి? నీకు ఎవురిచ్చినారు? దీనికి అప్పుడు ఏమొచ్చేది?” చెప్పిన మాటను అప్పటికప్పుడే రాసుకోవాలి. జేజి చెప్పే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆమె పోయాక ఎక్కడా దొరకదు. నాణెం ఇంకో వందేళ్లు అట్లే ఉంటుంది. అందుకే ముందు జేజి దగ్గర కూర్చోమంటున్నాను, భూతద్దం తర్వాత తీయొచ్చు.

ఆ తర్వాత లెక్క నేర్చుకోవాలి. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, అంటే రూపాయికి 64 కాణీలు. కాణీకి 3 పైలు, రూపాయికి 192 పైలు. ఈ నాలుగు అంకెలు వస్తే సంచిలోని ప్రతి బిళ్లకూ దాని చోటు దొరుకుతుంది. నడుమ చిల్లు ఉన్న రాగిరంగు కాణీ కనబడితే అది 1943 నుంచి 1947 లోపుది. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి అట్లా వేశారు.

వెండి రూపాయి దొరికితే ఇంకా మంచిది. బరువు తూచండి. 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. 1939 దాకా అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. 1940 నుంచి వేసినవాటిలో వెండి సగమే. 1947 రూపాయి పూర్తిగా నికెల్, వెనకవైపు పులి బొమ్మ, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1911 రూపాయిలో అయిదో జార్జి వేసుకున్న దండలో ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని జనం గొడవ చేశారు. ప్రభుత్వం ఆ నాణేల్ని వెనక్కి తీసుకుని మరుసటి ఏడు బొమ్మ మార్చింది. మీ పెట్టెలో 1911ది ఉంటే తొండం ఎట్లుందో భూతద్దంలో చూడండి.

“ఇవి ప్రాచీన నాణేలు కావు కదా” అంటారేమో. కావు. కానీ కన్ను కుదరాలంటే ఇవే మొదటి బడి. అచ్చు ఎంత పదునుగా ఉంటుందో, అరుగుదల ఎట్లా ఉంటుందో, అసలు వెండి ఏ రంగుకు తిరుగుతుందో అసలైన నాణేల మీదే నేర్చుకోవాలి. అప్పుడే నకిలీ మీ చేతికి తగలగానే తేడా తెలుస్తుంది.

2. తోమకండి

ఇది చిన్న మాటే. అయినా దీన్ని పాటించక పాడైనన్ని నాణేలు ఇంకే కారణం చేతా పాడై ఉండవు. రాగి చెంబును చింతపండుతో తోమినట్టు నాణేన్ని తోమొద్దు. బూడిద, నిమ్మకాయ, పళ్లపొడి, పాత్రలు తోమే పొడి ఏవీ వద్దు. వందల ఏళ్లుగా లోహం మీద పట్టిన ఆ నలుపు, పచ్చదనం దానికి తొడుగు లాంటిది. తోమితే తొడుగు పోతుంది, దాంతోపాటు సన్నని గీతలూ పోతాయి. కొనేవాడు తోమిన నాణేన్ని మొదటి చూపులోనే గుర్తుపట్టి పక్కన పెడతాడు.

మట్టి అంటుకుని ఉంటే? డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు నాననివ్వండి, మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. అంతే. ఎప్పుడు పట్టుకున్నా అంచుల మీద రెండు వేళ్లతో పట్టుకోండి.

3. ఒక్క నాణేన్ని చదవండి

ఇక్కడ కొంచెం నిదానిద్దాం. సేకరణలో అసలు సంతోషం ఉన్నది ఇక్కడే.

మన ప్రాంతం పిల్లలకు ఒక వరం ఉంది. బడిలో హిందీ చదువుకుంటారు, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పక్కింట్లో ఉర్దూ. పశ్చిమ కర్నూలులో నాలుగైదు వందల ఏళ్లపాటు చలామణీ అయిన నాణేలు చదవడానికి దాదాపు ఇవే లిపులు కావాలి. విజయనగర రాజుల నాణేల మీద ఎక్కువగా ఉండేది నాగరి లిపి. హిందీ వచ్చినవాళ్లు మూడు వరసల్లో ఉన్న ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ను కూడబలుక్కుని చదివేయగలరు. ముందువైపు బాలకృష్ణుడు కూర్చుని ఉంటే అది కృష్ణదేవరాయల బంగారు వరహా కావొచ్చు. గండభేరుండం ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని పట్టుకుని ఉంటే అచ్యుతరాయలది. హనుమంతుడు ఉంటే తొలినాటి సంగమ రాజులది. వరహా బరువు దాదాపు 3.4 గ్రాములు, అర వరహా అందులో సగం. సంగమ రాజుల రాగి నాణేలు కొన్నింటి మీద ‘నీలకంఠ’ అని ఉంటుంది. ఏటా నీలకంఠేశ్వరుడి జాతర చేసుకునే ఎమ్మిగనూరువాళ్లకు ఆ మాట కనబడితే ఎట్లుంటుందో నేను వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆదోని నాణెం. ఆదోనికి సొంత టంకశాల ఉండేదని ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకే చాలామందికి తెలియదు. విజయనగరం ఓడిపోయిన 1565 యుద్ధం తర్వాత ఆదోని కోట బిజాపూరు సుల్తానుల చేతికి పోయింది. వాళ్ల తరఫున సిద్దీ మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. ఊళ్లోని జామియా మసీదు ఆయన కట్టించిందే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను పట్టుకున్నాడు. ఈ ఫిరోజ్ జంగ్ హైదరాబాదు మొదటి నిజాముకు తండ్రి. మొఘలులు ఆదోనికి ఇమ్తియాజ్‌గఢ్ అని పేరు పెట్టి, ఆ పేరు మీద నాణేలు కొట్టించారు. వెండి రూపాయలే కాకుండా దక్షిణాది అలవాటు ప్రకారం వరహా తూకంలో చిన్న బంగారు నాణేలు కూడా వేయించారు. ఢిల్లీ పాదుషా పేరు, ఫారసీ లిపి, తూకం మాత్రం విజయనగరానిది! పాలకుడు మారినా ఊరి అంగడిలో తూకం అంత తొందరగా మారదని ఆ చిన్న బిళ్ల చెబుతోంది.

చదవడం ఎట్లా? మొఘల్ రూపాయికి ఒకవైపు పాదుషా పేరు, రెండో వైపు పాలన ఏడు, టంకశాల పేరు ఉంటాయి. ‘జర్బ్’ అన్న మాటను వెతకండి. ‘కొట్టడం’ అని దాని అర్థం. దాన్ని అంటిపెట్టుకుని ఉన్నదే ఊరి పేరు. ఫారసీ రాకపోతే మీ వీధిలోని ఉర్దూ అయ్యవారిని అడగండి. ఆదోనిలో ఉర్దూ చదివేవాళ్లకు కొదవా? “సాబ్, ఇది ఒకసారి చూస్తారా” అని నాణేన్ని చేతిలో పెడితే కాదనే మనిషి నాకింతవరకూ తారసపడలేదు. చాయ్ తాగించి మరీ చదివి పెడతారు.

తేదీ హిజ్రీలో ఉంటుంది. హిజ్రీని మన వాడుక సంవత్సరంలోకి మార్చడానికి సులువైన లెక్క ఉంది. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపండి. 1100 అని ఉందనుకోండి, 1067, దానికి 622 కలిపితే 1689. కోట పడిన మరుసటి ఏడే. ఒక ఏడు అటూ ఇటూ కావొచ్చు, ఫర్వాలేదు.

ఒక పొరపాటు ఇక్కడే చెప్పేస్తాను. కొత్తవాళ్లు గుండ్రంగా, అక్షరాలన్నీ నిండుగా ఉన్న నాణెమే అసలుదని అనుకుంటారు. సుత్తితో కొట్టిన నాణేలు అట్లా ఉండవు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకని రాతలో కొంత భాగమే నాణెం మీద పడుతుంది, మిగిలింది అంచు దాటిపోతుంది. టంకశాల పేరు సగమే కనబడొచ్చు. అదే టంకశాలవి నాలుగు నాణేల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుంటే ఒకదానిలో పోయిన అక్షరం ఇంకోదానిలో దొరుకుతుంది.

పక్కనే గుత్తి ఉంది. టిప్పు సుల్తాను కాలంలో దాని పేరు ఫైజ్ హిసార్, అక్కడా టంకశాల ఉండేది. టిప్పు రాగి పైసల మీద ఏనుగు ఉంటుంది. 1786లో ఆదోని కోటను పట్టుకున్నది కూడా ఆయన సైన్యమే. ఆ తర్వాత కొద్ది కాలానికి ఆయన కొత్త లెక్క పెట్టి, సంవత్సరం అంకెల్ని కుడి నుంచి ఎడమకు రాయించాడు. అది తెలియక తేదీని తిరగేసి చదివి తికమకపడేవాళ్లు ఎంతోమంది.

ఆదోని, గుత్తి, విజయనగరం. ఈ మూడింటిలో ఒక్కటి ఎంచుకుని రెండేళ్లు దానిమీదే ఉంటే ఎంత తెలుసుకుంటారో ఆలోచించండి. అన్ని రాజ్యాలవీ తలా ఒకటి కొనేవాడి దగ్గర డబ్బా నిండుతుంది. ఒక్క టంకశాలను పట్టుకున్నవాడి దగ్గరికి మాత్రం పదిమంది అనుమానాలు తీర్చుకోవడానికి వస్తారు.

4. ఇంకా పాతవి

మరి అసలు ప్రాచీన నాణేల మాటేమిటి? పత్తికొండ దగ్గర రాజుల మందగిరిలో, గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. ఆ కాలంలో నడిచినవి ముద్రలు కొట్టిన వెండి ముక్కలు. పేరు లేదు, తేదీ లేదు. సూర్యుడు, ఆరు కొమ్మల చక్రం లాంటి గుర్తులు విడివిడిగా కొట్టి ఉంటాయి. ఆ తర్వాత శాతవాహనుల సీసం, రాగి నాణేలు. వాటి మీద ఏనుగు, నాలుగు సున్నాలు కలిసిన ఉజ్జయిని గుర్తు, బ్రాహ్మీ లిపి. వీటిని మొదటి ఏడు కొనకండి, చూడండి. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లులో మారితే హోస్పేట చేరొచ్చు, అక్కడికి దగ్గరే హంపి కమలాపురం మ్యూజియం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, చెన్నై ఎగ్మోరు మ్యూజియం ఇంకా పెద్దవి. పరమేశ్వరీలాల్ గుప్తా ఇంగ్లీషులో రాసిన ‘కాయిన్స్’ పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ వేసింది. చిన్నదే, ఇంగ్లీషు కొంచెం వస్తే చాలు చదువుకోవచ్చు. అమరావతి దగ్గర దొరికిన ముద్రల నాణేల నిధి మీద, ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద 1960ల్లో పుస్తకాలు రాసింది కూడా ఈయనే.

5. కొనే రోజు

మూడు సామాన్లు చాలు. బంగారు అంగళ్లలో వాడే, గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం. ఒక అయస్కాంతం. మూడూ కలిపినా ఒక వెండి రూపాయి కన్నా తక్కువకే దొరుకుతాయి.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ల కింద ఒక జాతరలో గుడ్డ పరిచి పాత బిళ్లలు అమ్ముతున్న మనిషి దగ్గర పెద్ద రాగి నాణెం కొన్నాను. ఒకవైపు సీతారామలక్ష్మణులు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818. నా చేతులు వణికాయి. అడిగినంతా ఇచ్చేశాను. ఇంటికొచ్చి పుస్తకాలన్నీ వెతికాను, ఎక్కడా లేదు. ఎందుకు లేదో తర్వాత తెలిసింది. కంపెనీ రోజుల్లో ఒక అణా నాణెమే నడవలేదు. అణా బిళ్ల మన దేశంలో 1906 తర్వాతే వచ్చింది. అసలు లేని నాణేన్ని కొన్నాను. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నిలబడినచోటే పట్టేసేవాణ్ని. ఆ మనిషి మీద నాకు కోపం లేదు, ఆయనా ఎవరి దగ్గరో తూకం లెక్కన కొనుక్కొచ్చి ఉంటాడు. అలాంటి బిళ్లలు ఇప్పటికీ ఊరూరా తిరుగుతున్నాయి. హనుమంతుడివి, ఓంకారానివి, పద్మానివి, అన్నీ 1818, 1616 లాంటి తేదీలతోనే. రామ పట్టాభిషేకం ఉన్న రామటంకాలు గుడి ప్రసాదాల్లాంటివి. పూజకు పెట్టుకోండి, నాణేలని మాత్రం కొనకండి.

అందుకే కొనేముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు:

ఈ విలువ నాణెం దాని మీద ఉన్న ఏట నిజంగా నడిచిందా?
బరువు సరిపోతోందా? పాత వెండి రూపాయి 11 గ్రాములకు బాగా తగ్గితే ఎందుకో ఆలోచించండి.
అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనబడుతోందా? ఉంటే అచ్చులో పోసింది, కొట్టింది కాదు.
అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉన్నాయా? నాణెం ఉపరితలం మీద చిన్న చిన్న గుంటలున్నాయా? అదీ పోతపోసిన గుర్తే.
ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాడు చెప్పగలడా?

చివరి ప్రశ్నకు “ఒక పెద్ద నిధి దొరికింది సార్, ఎవరికీ చెప్పొద్దు” అని జవాబొస్తే అక్కణ్నించి లేచి వచ్చేయండి. నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. 1939 వెండి రూపాయి చాలా అరుదు, అందుకే దాని నకిలీలు కొల్లలు. మొదటి బంగారు వరహా కొనాలంటే కనీసం మూడేళ్లు ఆగండి. కొన్న రోజు రసీదు తీసుకోండి. నూరేళ్లు దాటిన నాణేలు చట్టం దృష్టిలో పురావస్తువులు, వాటితో వ్యాపారం చేసేవాళ్లకు 1972 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. వాటిని దేశం దాటించకూడదు. డాలస్‌లో ఉన్న మేనమామకు కానుకగా పోస్టులో పంపుదామని సరదా పడొద్దు.

ఇక ఫోన్లో వచ్చే వీడియోల సంగతి. “వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ల ఉందా? లక్షలిస్తాం” అంటారు. ఆ బిళ్ల నిజంగానే ఉంది, ప్రభుత్వం లక్షణంగా విడుదల చేసింది, లక్షలు మాత్రం ఎవరూ ఇవ్వరు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, తర్వాత పన్ను అంటారు, రిజర్వు బ్యాంకు అనుమతి అంటారు. పాత నాణేల కొనుగోలుతో తమకు ఏ సంబంధమూ లేదని, ఎవరికీ కమీషన్ ఇవ్వొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటించింది. బియ్యాన్ని లాగే రాగి నాణెం, రైస్ పుల్లింగ్ మాటలు కూడా ఇదే కోవ. లోహానికి అట్లాంటి శక్తి లేదు. ఆశపడి పొలాలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి.

6. నేలలో దొరికితే

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాల కోసం నేల మీద కళ్లు పెట్టి నడిచే జనాన్ని మీరు చూసే ఉంటారు, మీరే వెళ్లి ఉంటారు కూడా. అట్లా నడిచేటప్పుడు నాణెం కనబడొచ్చు. దుక్కిలో కుండ తగలొచ్చు. అప్పుడు?

ఇక్కడ కచ్చితంగా ఉండాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. నేలలో దాగి ఉన్న సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నవి రాయాలి. తహసీల్దారు కార్యాలయానికి వెళితే దారి చూపిస్తారు. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మరి చెప్పినవాడికి ఏం మిగులుతుంది? హక్కుదారు ఎవరూ తేలకపోతే, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు అని అదే చట్టం చెబుతోంది. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి.

చట్టం భయం అటుంచండి. కుండ విషయంలో నా మనసులో గుచ్చుకునేది వేరే ఉంది. ఒక కుండలో ఇరవై నాణేలు ఉన్నాయనుకుందాం. అందులో అన్నిటికన్నా కొత్త నాణెం ఏ ఏటిదో చూస్తే, ఆ కుండను అంతకు ముందు పాతిపెట్టలేదని తెలుస్తుంది. ఆ పక్క ఊరి యుద్ధమో, కరువో, వలసో దాంతో ముడిపడొచ్చు. ఏ రాజ్యాల నాణేలు కలిసి ఉన్నాయో చూస్తే వ్యాపారం ఏ దిక్కుకు సాగిందో తెలుస్తుంది. నలుగురు తలా అయిదు పంచుకుని, ఒకడు కరిగించి, ఒకడు అమ్మేసి, ఒకడు పెళ్లిలో ఉంగరం చేయిస్తే ఆ కథంతా ఆ సాయంత్రానికే పోతుంది. మళ్లీ ఎవరూ చెప్పలేరు.

కోటల్లో, పాత గుళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్ పట్టుకుని తవ్వొద్దు. రక్షిత కట్టడాల ఆవరణలో తవ్వడం నేరం. ఆదోని కొండ మీదికి చూడ్డానికి పోండి, గునపంతో పోవద్దు.

7. దాచడం, రాయడం

ఫోటో ఆల్బమ్‌ల మెత్తని ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్లకు పచ్చటి జిడ్డు వదులుతాయి, రాగిని తినేస్తాయి. ఆమ్లం లేని కాగితం కవర్లు, లేదా నాణేలకని అమ్మే గట్టి అట్ట చట్రాలు వాడండి. సీసం నాణేల్ని చెక్కపెట్టెలో పెట్టకండి, చెక్క నుంచి వచ్చే ఆవిరికి సీసం తెల్లగా పొడి అయిపోతుంది. వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. వానాకాలం డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి.

నోటుబుక్కు మొదటి రోజు నుంచే ఉండాలి. “తర్వాత రాస్తాలే” అన్నవాడెవడూ రాయడు. ఒక్కో నాణేనికి ఒక అంకె వేసి, కవరు మీద కూడా అదే అంకె పెన్సిల్‌తో రాయండి. ఏం రాయాలో తెలియక ఆగిపోకండి. మగ్గం ఇంటి మనవడి మొదటి పేజీ ఇట్లా ఉంటే చాలు:

“1. చిల్లు కాణీ. 1944. కంచు. 1.95 గ్రాములు. పచ్చ మరక అంచుకు, కడగలేదు. ఎమ్మిగనూరు, మా ఇల్లు, జేజి గుడ్డసంచిలో నుంచి. జేజికి వాళ్లమ్మ ఇచ్చిందంట, సంతలో బొరుగులకు. ఖర్చు పెట్టకుండా దాచినాను అని చెప్పింది. ఎందుకు దాచినావు అని అడిగినాను. నడుమ చిల్లు బాగుండె, దారంలో కట్టుకుని మెడకేసుకున్యా అనింది.”